రెండు తలుపుల మధ్య ఎబెనెజరు

పోయిన వారం ఎబెనెజరును పెన్నేటి నడుమ, మిట్టమధ్యాహ్నపు ఎండలో వదిలిపెట్టాం గదా. ఇంజను ఫ్యానుకు నాచు చుట్టుకుని పడవ ఆగిపోయింది. పడవలో ఉన్నది ముగ్గురే. వెనక ఇంజను దగ్గర ఏంజెలిన్. ముందు మొనలో ఆమె అత్త ఎలిశబెతు. నడిమి బల్లకు పాతచీర పీలికతో నడుం చుట్టూ కట్టేసి కూర్చోబెట్టిన నాలుగేళ్ల అబిగయీలు. కాలు విరిగి సిమెంటు కట్టుతో ఉన్న కిషోర్ బాబు మైపాడు రేవులో పెళ్లాం కోసం, బిడ్డ కోసం, ఆ ఇద్దరికంటే కాస్త ఎక్కువగా పడవ కోసం ఎదురుచూస్తున్నాడు.

విడవలూరు వైపు కాలవగట్టు మీద అమీర్ బాషా మూడు నెలలు కూర్చుని కొత్త పలకలు వేసిన పడవ అది. ఆ గట్టు మీదికి లారీ రాదు. ఏటి మొగ ఇసుక మేటేసి మూసుకుపోయింది కాబట్టి సముద్రంలోకి దిగే దారి లేదు. మిగిలింది పాత కాలవ ఒక్కటే. ఉత్తరం లాకు దాటి, ఏటిని అడ్డంగా దాటి, దక్షిణం లాకులో దిగి, కాలవ వెంట మైపాడు చేరాలి. ఆ దక్షిణం లాకుకు అవతలే ఇప్పుడు కాలవకు అడ్డంగా మట్టికట్ట వేస్తున్నారు. ఎల్లుండి కలుపుతామన్న కట్టను ఈరోజు నాలుగు గంటలకే కలిపేస్తున్నారని అమీర్ బాషా ఫోన్ చేసి చెప్పాడు. ఆ కట్ట పడిందా, ఎబెనెజరు ఇక ఏట్లోనే ఉండిపోతుంది. సముద్రం మీద బతకాల్సిన పడవ గట్టున పడి పుచ్చిపోతుంది. దాని మీద బతికే ఇల్లు ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

నాచు తీయడానికి ఏంజెలిన్‌కు పావుగంట పట్టింది. నడుం దాకా నీళ్లలోకి వంగి, వేళ్లకు ఫ్యాను రెక్క కోసుకుపోతున్నా వదలకుండా పోగుపోగు లాగేసింది.

“నీ మొగుడైతే అయిదు నిమిషాల్లో తీసుంటాడు,” అంది ఎలిశబెతు మొనలో నుంచి.

“ఆయనైతే ముందు బీడీ ముట్టించుంటాడు అత్తా. దాంట్లోనే పది నిమిషాలు పోయుండును.”

ఎలిశబెతు నవ్వలేదు. మామూలుగా అయితే ఇంకో మాట అనేది. మాటకు మాట అప్పజెప్పకుండా ఆ అత్తాకోడళ్లకు అన్నం సహించదు. ఏరు దాటుతున్న కొద్దీ అత్త మాటలు తగ్గిపోతున్నాయని ఏంజెలిన్ గమనించింది గానీ, ఎండదెబ్బ అనుకుంది. తాడు లాగింది. ఇంజను రెండుసార్లు దగ్గి, మూడోసారికి అందుకుంది.

దక్షిణం లాకు దూరం నుంచే కనిపించింది. రెండు పొడవాటి రాతిగోడలు, వాటి మధ్య నీళ్ల తొట్టి, ఏటి వైపు ఒక జత తలుపులు, కాలవ వైపు ఒక జత. మొగ మూసుకుపోవడంతో ఏట్లో నీళ్లు నిలిచి మెరకగా ఉన్నాయి. కాలవ నీళ్లు అంతకు మనిషి రొమ్మెత్తు కింద ఉన్నాయి. పడవ తొట్టిలోకి వచ్చాక వెనక తలుపులు మూసి, ముందు తలుపుల్లో ఉన్న తూము తీస్తే తొట్టిలో నీళ్లు మెల్లగా దిగుతాయి. నీళ్లతోపాటు పడవా దిగుతుంది. కాలవతో సమమయ్యాక ముందు తలుపులు తెరుచుకుంటాయి. అంతే లాకంటే. వినడానికి తేలిక.

ఏంజెలిన్‌కు ఈ లాకు వినడానికి కూడా తేలిక కాదు. ఆమె తండ్రి ఆండ్రూ ఇక్కడ లస్కరు. ఈ తలుపులు తీసి మూసే పని ఆయనది. ఆమెకు ఏడేళ్లప్పుడు ఇదే తొట్టిలో పడి చనిపోయాడు. తాగి పడ్డాడని కాగితం మీద రాశారు. తాగి పడినవాడి భార్యకు ఉద్యోగం ఇవ్వం పొమ్మన్నారు. తల్లి సుభాషిణి ఇందుకూరుపేటలో రొయ్యల షెడ్డుకు పోయి మంచులో చేతులు పెట్టింది. ఏడో తరగతి సగంలో ఏంజెలిన్ కూడా పలకాపుస్తకం పక్కన పెట్టి అమ్మ పక్కన కూర్చుంది. తాగుబోతు కూతురన్న మాట బడిలోనూ, షెడ్డులోనూ, చర్చి వరండాలోనూ విని విని చెవులకు కాయ కాసింది. అందుకే ఈరోజు తండ్రి పోయిన చోటికి వస్తున్నా తల ఎత్తుకునే ఉంది. భయపడే పని ఉంటే రాత్రి పడుకునేముందు పడొచ్చు, ఇప్పుడు పడవ ముఖ్యం అనుకుంది.

లాకు గోడ మీద గొడుగు వేసుకుని ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఒళ్లో తూము తిప్పే ఇనప హ్యాండిలు. ఉద్యోగం అయిపోయి పదిహేనేళ్లయినా రోజూ వచ్చి తలుపుల బందులకు గ్రీజు పూసిపోయే జకరయ్య. ఆమె తండ్రితో కలిసి పనిచేసిన మనిషి. ఏంజెలిన్ చూసీ చూడగానే పోల్చుకుంది.

“పెదనాయనా! నేను, ఆండ్రూ కూతుర్ని. ఏంజెలిన్ని.”

జకరయ్య గొడుగు పక్కకు వాలింది. “మైపాడోళ్లకిచ్చినారని విన్న్యా,” అన్నాడు. అంటూనే ఆయన చూపు ఆమెను దాటి పడవ మొన దాకా పోయి ఆగింది. అక్కడ ఎలిశబెతు పమిట తల మీదికి లాక్కుని ఏటి వైపు తిరిగి కూర్చుంది.

“తలుపులు తీసి పెట్టు పెదనాయనా. నాలుగ్గంటలకు కట్ట కలిపేస్తారంట.”

“తియ్యను.”

“ఏందీ?”

“ఎవురి పడవకైనా తీస్తా. ఈ పడవకు తియ్యను. ఎనక్కి పోండి.”

కాలవ వైపు నుంచి టోపీ పెట్టుకున్న ఒక మనిషి గోడ ఎక్కి వచ్చాడు. కట్ట పని చేయిస్తున్న మేస్త్రీ, సుబ్బు. వెనకాల జేసీబీ మట్టి తోస్తున్న మోత.

“ఏం తాతా, తెల్లార్నుంచి ఒక్క పడవ రాకపోయినా ఒంటి నిండా గ్రీజు పూసుకుంటా కూర్చుంటావే. వచ్చిన ఒక్కదాన్ని పొమ్మంటావా?” అని, పడవ మొన మీద రంగుతో రాసిన పేరు కూడబలుక్కుని చదివాడు. “ఎ... బె... నె... జరు. ఇదేం పేరక్కా?”

“ఇంతవరకు దేవుడు సాయం చేసినాడని అర్థం అన్నా.”

“ఇంతవరకేనా? ఈడ్నించి నేను చెయ్యాలనా?” సుబ్బు నవ్వాడు. తర్వాత వాచీ చూసుకుని మొహం మామూలుగా పెట్టాడు. “నాలుక్కు నా ఆఖరి టిప్పరు పడాల అక్కా. అయిదు నిమిషాలు అటూ ఇటూ చూస్తా. ఆ పైన చూస్తే కాంట్రాక్టరు నాకు బదులు ఇంకో మనిషిని చూసుకుంటాడు. ఇప్పుడు ఒకటిం ముప్పావు.”

ఏంజెలిన్ ఇంజను ఆపింది. పడవను చేత్తో రాతిగోడకు ఆనించి, ముసలాయన కాళ్లకు ఎదురుగా నిలబడింది.

“ఇది మా నాయన పడిన లాకు. ఇందులోకి దిగాలంటే భయపడాల్సింది నేను. నాకు లేని భయం నీకెందుకు పెదనాయనా?”

 జకరయ్య ఒళ్లో ఉన్న హ్యాండిలును అటూ ఇటూ తిప్పి చూశాడు. కిందికి, అబిగయీలు వైపు చూశాడు. ఆ పిల్ల ఆయనకేసి చేయి ఊపి, “తాతా, నీ గొడుక్కి బొక్క ఉంది,” అంది.

ఆ మాటతో ముసలాయన లేచాడు. “పాపను దించు. తొట్టిలో పడవ ఉన్నప్పుడు పడవలో ఆడోళ్లు, బిడ్డలు ఉండకూడదు. రూలు.”

“దించేదానికి మెట్లేవీ?”

ఒకప్పుడు మెట్లున్న చోట వరద కోసిన గుంట, దాని చుట్టూ నడుంలోతు బురద. జకరయ్య ఆ గుంటను ఇప్పుడే చూసినట్టు చూశాడు.

“అయితే ఒక్క మాట విను. తాడు కట్టొద్దు. గోడలో దిగ్గొట్టిన కమ్మీకి ఒక చుట్టు వేసి చేత్తో పట్టుకో. నీళ్లు దిగే కొద్దీ వదుల్తా రా. చేత్తోనే. అర్థమైందా ఏంజెలీ?”

“అలల మీద పడవ నిలిపేదాన్ని. ఈ తొట్టిలో నిలపలేనా?”

“నేనడిగింది అది కాదు.”

“అర్థమైంది పెదనాయనా. కట్టను.”

ఏటి వైపు తలుపులు తెరిచి పడవను తొట్టిలోకి రానిచ్చాక, సుబ్బు ఒక పక్క, జకరయ్య ఒక పక్క తలుపుల పైనున్న దూలాలకు భుజాలానించి తోస్తే వెనక తలుపులు మూసుకున్నాయి. పడవ వెనక తాడు ఏంజెలిన్ చేతిలో, ముందు తాడు ఎలిశబెతు చేతిలో ఉన్నాయి. జకరయ్య ముందు తలుపు మీది నడకపలక ఎక్కి హ్యాండిలు తగిలించాడు. మర కీచుమంది. తుప్పు పట్టిన తూము బెత్తెడే లేచింది, అంతకుమించి కదలనంది. నీళ్లు సన్నగా దిగడం మొదలుపెట్టాయి.

“ఈ లెక్కన గంటన్నర,” అన్నాడు సుబ్బు, గోడ దిగి కట్ట వైపు పరుగెత్తుతూ.

పాచి పట్టిన గోడలు రెండు పక్కలా మెల్లగా పైకి లేస్తున్నాయి. తడి రాయి వాసన. పైన ఎండ ఉంది గానీ కిందికి రావడం లేదు.

“అమ్మా, మనం బాయిలోకి పోతుండామా?”

“బాయి కాదురా, మెట్టు దిగుతుండాం.”

“మెట్టేదీ?”

“నీళ్లే మెట్టు.”

అబిగయీలుకు ఆ జవాబు నచ్చలేదు. కానీ అంతలో గోడ పగులులో నుంచి ఒక చిన్న ఎండ్రకాయ బయటికొచ్చింది. పిల్ల దాన్ని పట్టుకుందామని బల్ల మీద మోకాళ్ల మీద లేచింది. చీరపీలిక నడుం మీద నుంచి జారి చంకల్లోకి వచ్చింది. ఇంకాస్త వంగితే మెడకు వస్తుంది, లేదంటే పిల్లే దాంట్లోంచి జారి గోడకూ పడవకూ మధ్యన పడుతుంది.

“అబీ! కూర్చో!”

వినే వయసా అది? ఏంజెలిన్ ఒక్క దూకులో బల్ల దగ్గరికి పోయింది. పోయేముందు ఆమె చేతులు వాటి అలవాటు ప్రకారం పనిచేశాయి. సముద్రంలో చేతిలో తాడు వదలాల్సి వస్తే దాన్ని అందిన కమ్మీకి రెండు చుట్లు చుట్టి బిగించాలి, లేకపోతే పడవ పోతుంది. మైపాడులో పసిపిల్లలకు కూడా ఆ ముడి వచ్చు. పెళ్లయిన ఆరేళ్లలో ఏంజెలిన్ వందలసార్లు వేసిన ముడి. ఇప్పుడూ వేసింది. వేసినట్టు ఆమెకే తెలియలేదు.

పిల్లను కూర్చోబెట్టి, పీలిక విప్పి, మళ్లీ నడుముకు చుడుతుండగా డీజిలు డబ్బా దానంతటది ముందుకు జరిగిపోయింది.

ఏంజెలిన్ తల ఎత్తింది. నీళ్లు దిగుతున్నాయి. పడవ మొన దిగుతోంది. వెనక భాగం మాత్రం దిగడం లేదు. గోడ మీది కమ్మీకి బిగించిన తాడుకు ఇంజనుతో సహా వేలాడుతోంది. తాడు కర్రలా నిగిడి కిర్రుమంటోంది. కాళ్ల కింద పలకలు ఏటవాలయ్యాయి. డబ్బా, వల మూట, నీళ్ల బిందె అన్నీ మొన వైపు దొర్లాయి. అబిగయీలు కెవ్వుమని తల్లి మెడ వాటేసుకుంది. సగం చుట్టిన పీలిక బల్లకు చిక్కుకుని ఉంది. ఏంజెలిన్ ఒక చేత్తో బల్లను, ఒక చేత్తో బిడ్డను పట్టుకుంది. మూడో చెయ్యి లేదు.

“పెదనాయనా! తూము మూయి!”

పైన జకరయ్య తిప్పుతూనే ఉన్నాడు. మర కదలడం లేదు.

అప్పుడు ఎలిశబెతు కదిలింది. యాభై ఆరేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులని ఆదివారం ప్రార్థనలో కూడా మోకరించని మనిషి, పడవ అంచు పట్టుకుని ఆ ఏటవాలు ఎక్కింది. వల మూటలోంచి చేపల కత్తి లాగి పళ్ల మధ్య పెట్టుకుంది. కోడలి భుజం మీద కాలు మోపి, ఇంజను మీదికి పాకి, తాడు అందుకుంది. ఏం చేయాలో ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఒక పురి కోసింది. రెండో పురి కోసింది. మూడోది కోయకముందే ఫట్టున తెగింది.

పడవ వెనక భాగం దభీమని నీళ్ల మీద పడింది. లేచిన నీళ్లు గోడల అంచులు తాకి మళ్లీ వాళ్ల నెత్తినే పడ్డాయి. పడవ రెండుసార్లు గోడలకు కొట్టుకుని నిలబడింది. మునగలేదు. అమీర్ బాషా పలకలు పట్టు విడవలేదు.

“ఎలిశబెతమ్మా!” పైనుంచి జకరయ్య గొంతు. “ఎలిశబెతమ్మా, ఉండావా?”

“ఉండా,” అంది ఎలిశబెతు ఇంజను మీద అలాగే బోర్లా పడి ఉండి.

ఏంజెలిన్ ముందు బిడ్డ ఒళ్లంతా తడిమింది. తల, చేతులు, వేళ్లు ఒక్కొక్కటీ. అన్నీ బాగున్నాయి. తర్వాత కమ్మీకి వేలాడుతున్న ముడి వైపు చూసింది. తన ముడే. కట్టనని మాటిచ్చి కట్టిన ముడి. మొహం సిగ్గుతో కాలిపోయింది. ఆ సిగ్గు వెనకాలే ఇంకో సంగతి తట్టింది.

“అత్తా, పెదనాయనకు నీ పేరెట్టా తెలుసు?”

ఎలిశబెతు లేచి కూర్చుని, కత్తి గీరుకున్న అరచేతికి పమిట చెంగు చుట్టుకుంటోంది.

“ఈ దారిలో ఎప్పుడూ రాలేదంటివే. లాకు ఎట్టుంటాదో తెలీదంటివే. మరి ఆ తాడు కొయ్యాలని నీకెట్టా తెలిసింది? నేను ఆండ్రూ కూతుర్ని, నాకే తట్టలేదు.”

పైన మర చప్పుడు ఆగిపోయింది. జకరయ్య ఎట్టకేలకు తూము మూసి, నడకపలక మీద కూలబడ్డాడు. ముందు రెండు తలుపులు, వెనక రెండు తలుపులు, పైన ఆకాశం ముక్క. ఎవరూ ఎక్కడికీ పోవడానికి లేదు.

“ఒకసారి వచ్చినా,” అంది ఎలిశబెతు. “కిషోరుకు పదకొండేళ్లు. జొరం. వానలకు రోడ్డు తెగిపోయింది. మీ మామ, నేను పడవలో వాణ్ణి ఏటవతల ఆస్పత్రిలో చూపిచ్చి ఎనక్కి తీసకొస్తుండాం. ఇదే తొట్టి. మీ మామ ఇంజను కాడ ఉండాడు. తాడు నాకిచ్చినారు.” చెంగును ఇంకో చుట్టు బిగించింది. “కట్టేసినా. నువ్వు కట్టినట్టే. అదే ముడి.”

ఏంజెలిన్‌కు చెవుల్లో నీళ్లు చేరినట్టయింది.

“పడవ ఒరిగిపోయింది. పిల్లోడు జారిపోతుండాడు. పైనుంచి మీ నాయన తొట్టిలోకి దూకినాడు. మాకంటే ముందు తాడు కాడికి పోయినాడు. కోసినాడు. పడవ పడింది. ఆయన కిందుండాడు.”

“తాగుండెనా?”

ఆ ఒక్క ప్రశ్న అడగడానికి ఆమెకు పందొమ్మిదేళ్లు పట్టింది.

“ఒక్క చుక్క తాగలేదు.” ఈ జవాబు పైనుంచి వచ్చింది. జకరయ్య తలుపు అంచు పట్టుకుని కిందికి వంగాడు. “మీ నాయన జన్మలో తాగి డూటీకి రాలేదు. ఆడమనిషి, బిడ్డ ఉండే పడవను తొట్టిలోకి రానిచ్చింది నేను. నా ఉద్యోగం ఊడతాదని తాగి పడినాడని నేనే రాసినా. ఈ అమ్మ చేత ఏలిముద్ర ఏపిచ్చినా.”

 ఏంజెలిన్ తల్లి చేతులను తలుచుకుంది. మంచులో నాని నాని తెల్లబడి, చలికాలంలో పగిలి రక్తం కారే వేళ్లు. ఆ వేళ్లతోనే అమ్మ ప్రతి ఆదివారం సాయంత్రం చర్చిలో వెనక బెంచీలో కూర్చునేది. ముందు బెంచీలో కూర్చోవడానికి మొహం చెల్లక.

“నన్నడగడానికి మా ఇంటికొచ్చింది నువ్వే. ఎవురూ పంపకుండా నీ అంతట నువ్వే వచ్చినావు. నన్ను కోడలిగా తెచ్చుకుంది ఇందుకేనా?”

“తెచ్చుకునింది ఇందుకే.” ఎలిశబెతు మొదటిసారి కోడలి కళ్లలోకి చూసింది. “ఉంచుకునింది ఇందుకు కాదు. నువ్వొచ్చిన మూడోనాడు నా చేపల పులుసు తిని పులుపెక్కువైందంటివి. ముప్పై ఏళ్లలో ఎవురూ నాకా మాట చెప్పలేదు. అప్పుడే అనుకున్న్యా, ఇది నా పిల్లని. ఆ తర్వాత ఎన్ని ఆదివారాలు చెప్దామని నోరు తెరిచినానో దేవుడికి తెలుసు. చెప్తే నువ్వు పోతావు.”

“ఆయనకు తెలుసా?”

“కిషోరుకా? వానికి తెలీదు.” ఎలిశబెతు చూపు మళ్లీ చెంగు మీదికి పోయింది. “జొరంతో ఒళ్లెరగడు. వాణ్ణేమీ అనబాక.”

కాలవ వైపు నుంచి టిప్పరు హారను మోగింది. ఒకసారి, రెండుసార్లు. సుబ్బు కేక వినిపించింది: “అక్కా! మూడుం పావు!”

ఏడవాలా, అత్తను తిట్టాలా, ఆ ముసలాయన మీదికి ఆ తెగిన తాడు విసిరికొట్టాలా అని ఏంజెలిన్ ఒక్క క్షణం తనను తానే అడిగింది. ఆ మూడు పనులకూ సమయం ఉంది, ఈ తొట్టిలో నుంచి బయటపడ్డాక. ఆమె తెగిన తాడు కొస అందుకుని కమ్మీకి కొత్తగా ఒక చుట్టు వేసింది. మిగతాది అరచేతికి తీసుకుంది.

“తూము తియ్యి పెదనాయనా. ఈసారి నా చెయ్యి ఊడిపోయినా తాడు చేతిలోనే ఉంటాది. అత్తా, పాపను నువ్వు పట్టుకో.”

“నన్ను నమ్మి ఇస్తావా?”

“ఇప్పుడు భుజం తొక్కి ఎక్కింది ఎవురి కోసం? పట్టుకో.”

నీళ్లు మళ్లీ దిగాయి. ఏంజెలిన్ తాడును వేలు వేలు వదిలింది. మెట్టు మెట్టుగా, తొందరపడకుండా. తాడు నూలు అరచేతి చర్మాన్ని ఒరుసుకుంటూ పోతున్నా పట్టు సడలలేదు. ఇదే చోట ఇదే పని తండ్రి రోజూ ఎంతమందికి నేర్పి ఉంటాడో అనుకుంది. తాగనివాడు, తెలివిగా ఉన్నవాడు, చేతి నిండా పనున్నవాడు. ఆ మనిషి ఆమెకు కొత్తవాడు. ఆయన్ను ఈరోజే కలిసినట్టుంది.

సరిగ్గా నాలుగు గంటలకు నీళ్లు సమమయ్యాయి. జకరయ్య ఒక దూలానికి భుజమానించాడు. రెండో దూలం దగ్గర మనిషి లేడు. సుబ్బు టిప్పరు ముందు చేతులు చాచి నిలబడి ఉన్నాడు, కదిలితే మట్టి పడుతుంది.

“నేనెక్కుతా,” అంది ఎలిశబెతు. బిడ్డను బల్ల మీద కూర్చోబెట్టి, పీలిక తానే బిగించి, బిడ్డను చంకనేసుకుని ఎక్కలేని ఆ గోడ కమ్మీలు ఒక్కొక్కటీ పట్టుకుంది.

“మళ్లా దిగేదానికి టయిం ఉండదత్తా. అవతల నేను ఆపలేను.”

“ఆపబాక. నేను రాను.” సగం ఎక్కి ఆగింది. “ఇందుకూరుపేటకు పోతా, సుభాషిణి కాడికి. ఈ సంగతి నువ్వు చెప్తే కూతురు చెప్పిన మాటవుతాది. నేను పోయి చెప్తే నా తప్పవుతాది. అది ఆమెకు దక్కాల.”

“ఏలిముద్రే ఆమెది, రాత నాది,” అన్నాడు జకరయ్య దూలం దగ్గర నుంచి. “ఇద్దరం పోవాల. నేనూ వస్తా నడువమ్మా.”

 ఇద్దరు ముసలివాళ్లు చెరో దూలానికి వీపులానించి, కాళ్లు తన్నిపెట్టి తోశారు. తలుపులు మూలుగుతూ విడివడ్డాయి. మధ్యలో పడవ పట్టేంత వెలుతురు పడగానే ఏంజెలిన్ ఇంజను తాడు లాగింది. ఒక్క లాగుకే అందుకుంది.

లాకు దాటి యాభై బారల దూరంలో కట్ట. రెండు పక్కల నుంచి మట్టి వచ్చి, మధ్యలో పడవన్నర వెడల్పు సందు మిగిలింది. ఒక పక్క టిప్పరు తొట్టె లేపి సిద్ధంగా ఉంది. దాని ముందు సుబ్బు.

“అక్కా! నేనిచ్చిన అయిదు నిమిషాలు అయిపోయినాయి! ఇప్పుడు నడిచేది నా సొంత నిమిషం!”

వేగం తగ్గిస్తే సందులో పారే నీళ్లు లాగి పక్కకు కొడతాయి. ఏంజెలిన్ వేగం పెంచింది. మొనను సందు నడిమికి గురిపెట్టి, చుక్కాని చంకలో బిగించింది. ఎడమ పక్క రాయి ఒకటి కొత్త పలకల మీద పొడవాటి గీత గీసింది. అబిగయీలు కళ్లు మూసుకుంది. తెరిచేసరికి రెండు పక్కలా కాలవ, తుమ్మచెట్లు, ఎండ.

వెనక మట్టి పడిన మోత వినిపించింది. ఏంజెలిన్ తిరిగి చూసింది. సుబ్బు టోపీ ఊపుతున్నాడు. కట్టకు అవతల గోడ మీద ఒక గొడుగు, దాని పక్కన ఒక పమిట, రెండూ రోడ్డు వైపు నడుస్తున్నాయి.

అరగంట తర్వాత ఫోన్ మోగింది.

“దాటినారా?” కిషోర్ బాబు గొంతులో ఆత్రం.

“దాటినాం.”

“పడవ?”

“పడవకొక గీత పడింది. నేనూ పాప బాగుండాం, అడిగినందుకు సంతోషం.”

అవతల ఊపిరి పీల్చుకున్న నవ్వు. “నువ్వుంటే నాకేం భయం ఏంజీ. అమ్మకియ్యి ఫోను.”

“అమ్మ పడవలో లేదు. లాకు కాడ దిగిపోయింది. మా అమ్మ దగ్గరికి పోతా ఉంది, జకరయ్య పెదనాయనను తోడు పెట్టుకొని.”

నవ్వు ఆగిపోయింది. రేవులో గాలి, ఎవరో వల లాగుతూ వేస్తున్న కేకలు, ఎక్కడో కుక్క అరుపు, అన్నీ ఫోన్లో వినిపిస్తున్నాయి. మొగుడి గొంతొక్కటే లేదు.

“ఎందుకని అడగవా?” అంది ఏంజెలిన్.

“ఏం చెప్పింది నీకు?”

“అంతా చెప్పింది. తాడు తానే కట్టినానని చెప్పింది. మా అమ్మ కాళ్ల మీద పడి అదే చెప్తాదంట.”

 ఇంజను చప్పుడుకు లైను తెగిపోయిందేమో అనుకుని ఆమె ఫోను చెవికి గట్టిగా అదుముకుంది.

“బండి మాట్లాడుకొని ఎట్టన్నా అమ్మను దారిలోనే ఆపాల,” అన్నాడు చివరికి, పదకొండేళ్ల పిల్లాడి గొంతుతో. “ఆ తాడు కట్టింది అమ్మ కాదు ఏంజీ. నేను.”